అక్క తెచ్చిన ఆరు చేపలు

మా అక్కకి యాభై నాలుగో ఏట పెళ్ళయింది. అప్పటికి నాకు యాభై ఒకటి.

అంతవరకూ జగ్గయ్యపేటలో మా ఇంటి ముందుగదిలో ఉన్న ఫ్యాన్సీ కొట్టు ఇద్దరం కలిసి నడిపాం. నాన్న ఉన్న రోజుల్లో అది కిరాణా కొట్టు. ఆయన మంచాన పడ్డాక బస్తాలు ఎత్తడం, దించడం మావల్ల కాక గాజులూ రిబ్బన్లూ నోటు పుస్తకాలూ పెట్టాం. మాకు పెళ్ళిళ్ళెందుకు కాలేదంటే చెప్పడానికి పెద్ద కథేం లేదు. నాన్నకి చేస్తూ ఉండగానే ఆ వయసు దాటిపోయింది. ఆయన పోయాక ఇద్దరం ఉన్నాంగా అనుకున్నాం.

నందిగామలో ఎరువుల కొట్టున్న ఒకాయన, భార్య పోయి తొమ్మిదేళ్ళయినవారు, మా బంధువుల గృహప్రవేశంలో అక్కని చూసి పెద్దవాళ్ళ చేత అడిగించారు. అక్క ఆ మాట నాతో చెప్పి, "ఏమంటావే?" అంది. నేను గాజుల డబ్బాలు సర్దుతున్నాను. "మంచిదేగా, చేసుకో" అన్నాను. చేతిలో డబ్బా కింద పెట్టకుండానే అన్నాను. వేదాద్రి గుళ్ళో పదిమంది మధ్య పెళ్ళి జరిగింది. తిరిగొచ్చేటప్పుడు అక్క ఎక్కిన కారు నందిగామ దారి పట్టింది. నేను ఇంకో కారులో ఇంటికొచ్చి తాళం తీసుకున్నాను. అంతకుముందు మా తాళం తీసే పని ఎప్పుడూ అక్కదే.

పెరట్లో చేపల తొట్టి కట్టించాలన్న సరదా కూడా అక్కదే. ఫోన్లో ఎవరిదో వీడియో చూసి, పాత కట్టెల కొట్టం పడగొట్టించి, ఆ జాగాలో ఎనిమిదడుగుల పొడవు, నడుము లోతు గుంట తీయించింది. ఇటుక కట్టడం అయ్యేసరికి పెళ్ళి ముహూర్తం దగ్గర పడింది. సిమెంటు పూతలు ఆవిడ వెళ్ళాక పూర్తయ్యాయి. మేస్త్రి పార కడుక్కుంటూ మరీ మరీ చెప్పాడు.

"అమ్మా, కొత్త సిమెంటులో సున్నం ఉంటది. నీళ్ళు పెట్టి వారం నానబెట్టి పారబొయ్యాలి. అట్టా మూడు నాలుగు సార్లు చెయ్యాలి. తొందరపడి చేపలేస్తే చచ్చిపోతయ్."

నీళ్ళు పెట్టాను. మర్నాటికి పైన పాల మీగడలాగా తెల్లటి తెట్టు కట్టింది. చెయ్యి ముంచితే సబ్బు నీళ్ళలాగా జారుడుగా ఉంది. వారం తర్వాత బకెట్టుతో తోడి పోసి, అడుగున మిగిలింది గుడ్డతో అద్ది, మళ్ళీ నింపాను. అది రెండో నింపుడు.

ఆ ఆదివారమే అక్క వచ్చింది, పెళ్ళయ్యాక మొదటిసారి. బస్సు దిగి ఆటోలో వచ్చింది. ఒక చేతిలో పూల సంచి, రెండో చేతిలో గాలితో ఉబ్బిన ప్లాస్టిక్ కవరు. అందులో ఆరు చేపలు, నాలుగు నారింజ రంగువి, రెండు తెల్లవి. గుమ్మంలోనే కవరు ఎత్తి చూపించి చిన్నపిల్లలా నవ్వింది.

"దారంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చా. కుదుపొచ్చినప్పుడల్లా నా ప్రాణం పోయిందనుకో. నీళ్ళు రెడీయేనా?"

ఇంకా కాలేదనే నోటిదాకా వచ్చింది. కానీ అలా అంటే ఆ మొహం చిన్నబోతుంది. చేపలు మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాలి. నాలుగు గంటల బస్సుకి వెళ్ళిపోతానని వస్తూనే చెప్పింది. ఉన్న ఆ కాసేపు పాడుచేసుకోవడం నాకిష్టం లేకపోయింది.

"ఆ, రెడీయే" అన్నాను.

కవరుని కాసేపు నీళ్ళలో తేలనిచ్చి, మూతి విప్పి వదిలాం. చేపలు అడుగుకి వెళ్ళి గోడ వారగా గుంపు కట్టాయి. అక్క గట్టు మీద కూర్చుని నందిగామ కబుర్లు చెప్పింది. అక్కడి వంటింట్లో గిన్నెలు ఎక్కడున్నాయో ఇంకా తెలియడం లేదంది. నేను వింటున్నాను గానీ కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి.

ఆవిడ వెళ్ళిన గంటకి చేపలు పైకి తేలాయి. నోళ్ళు తెరిచి మూస్తూ గాలి కోసం గింజుకుంటున్నాయి. తాగే నీళ్ళ టిన్ను బకెట్టులో వంచేసి, టీ వడగట్టే జల్లెడతో ఒక్కొక్కదాన్నీ తీసి అందులో వేశాను. తెల్లవారేసరికి ఒక్కటీ మిగల్లేదు. కరివేపాకు చెట్టు మొదట్లో గొయ్యి తీసి కప్పెట్టి, చేతులు కడుక్కుని కొట్టు తెరిచాను.

ఎనిమిదింటికి అక్క ఫోన్.

"ఏం చేస్తున్నాయే నా చేపలు?"

"తిరుగుతున్నాయి" అన్నాను.

అక్కడ మొదలైంది. రోజూ అడిగేది, నేను రోజూ ఏదో ఒకటి చెప్పేదాన్ని. మేత వేస్తే ఎగబడుతున్నాయని చెప్పాను. తెల్లవాటిలో ఒకటి బద్ధకంగా ఉంటుందని, మిగతావి తిన్నాక మిగిలిందే తింటుందని చెప్పాను. అక్క పడి పడి నవ్వేది. నిజం చెప్పాలంటే, ఆ చేపల కబుర్లు లేకపోతే మా ఫోన్లు రెండు నిమిషాల్లో అయిపోయేవి. నేను తిన్నానంటాను, తను తిన్నానంటుంది, ఇంకేముంటుంది? పక్క మంచం మీద పడుకుని మాట్లాడుకున్న మనుషులకి ఫోన్లో మాట్లాడుకోవడం రాదు.

ఇటు తొట్టి పని మాత్రం ఆపలేదు. మా వీధిలో కొత్త సెల్ ఫోన్ షాపు తెరిచి, గుమ్మానికి కట్టిన అరటి చెట్లు మూడో రోజు బయట పడేశారు. అరటి బోదె వేస్తే సిమెంటు ఘాటు లాగేస్తుందని కొట్టుకొచ్చే ఒకావిడ చెప్పింది. ఆ చెట్లు నేనే ఈడ్చుకొచ్చాను. కత్తిపీటతో ముక్కలు కోసి నీళ్ళలో వేశాను. వారానికి నీళ్ళు టీ రంగుకి తిరిగి, కుళ్ళు వాసన పెరడంతా పట్టింది. ఆ వాసనలోనే కొట్టు కట్టేశాక వెళ్ళి గట్టు మీద కూర్చునేదాన్ని. ఇంట్లో కూర్చుంటే ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం వినపడేది కాదు.

ఒక బుధవారం మధ్యాహ్నం బావగారు వచ్చారు. గరికపాడులో ఏదో పనుండి వెళ్తూ, అక్క పంపిన పచ్చడి సీసా ఇవ్వడానికి ఆగారు. మంచినీళ్ళు తాగి, "మీ అక్క రోజూ చెప్పి నవ్వుతుందండి. ఆ బద్ధకపు చేపని ఓసారి చూసి వెళ్తా" అంటూ పెరట్లోకి నడిచారు. నేను ఆపలేకపోయాను.

తొట్టిలో అరటి ముక్కలు తేలుతున్నాయి. ఆయన కాసేపు వాటి వంక చూసి, నా వంక చూశారు.

"ఎప్పుడు పోయాయి?"

"తెచ్చిన మర్నాడే" అన్నాను.

ఆయన గట్టు మీద కూర్చున్నారు. "మా ఆవిడ పోయిన కొత్తలో ఎవరు ఫోన్ చేసినా, తిన్నానండి, బాగున్నానండి అనేవాణ్ణి. నిజం చెప్తే అవతలివాళ్ళు ఏం మాట్లాడాలో తెలీక ఫోన్ పెట్టేసేవాళ్ళు." లేచి నిలబడి, "నేను చెప్పనండి. ఇది మీ అక్కాచెల్లెళ్ళ సంగతి" అన్నారు.

కారులోంచి నీళ్ళు పరీక్ష చేసే కాగితం పట్టీలు తెచ్చిచ్చారు. పొలాల్లో నీళ్ళు చూసుకోవడానికి రైతులకిస్తారట. ఒకటి ముంచితే ముదురు నీలం తిరిగింది. "ఇంకా ఘాటుందండి. ఇది లేతాకుపచ్చకి రావాలి. ఇంకో రెండు సార్లు మార్చండి" అని చెప్పి వెళ్ళిపోయారు. అక్క ఈయన్ని ఎందుకు చేసుకుందో నాకు ఆ రోజు అర్థమైంది. అర్థమయ్యాక ఇల్లు ఇంకా బోసిగా అనిపించింది.

మర్నాడు ఫోన్లో చెప్పేశాను.

"నీళ్ళు రెడీ కాలేదని నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా?"

"నువ్వు అంత సంబరంగా తెస్తే ఎలా చెప్పను అక్కా?"

"చేపలు పోతే పోయాయిలేవే. నా మనసు నొచ్చుకుంటుందని నువ్వు మాటలు చూసుకుని మాట్లాడటమేంటి? నేనేమన్నా చుట్టాన్నా నీకు?"

ఫోన్ పెట్టేసింది. నాలుగు రోజులు చెయ్యలేదు. ఎనిమిదయ్యేసరికి నా చెయ్యి దానంతటదే ఫోన్ మీదకి పోయేది. చేసి ఏం చెప్పాలో తెలియక ఊరుకునేదాన్ని. ఐదో రోజు తనే చేసి, పండగ సరుకు ఎప్పుడు తెప్పిస్తున్నావని అడిగింది. చెప్పాను. చేపల ఊసు ఇద్దరం ఎత్తలేదు.

అరటి ముక్కలన్నీ ఏరి పారేశాను. తొట్టిలోకి దిగి కొబ్బరి పీచుతో గోడలు తోమాను. మోకాళ్ళు పట్టేసి పైకెక్కలేక, పిలిస్తే వచ్చేవాళ్ళు లేక, బకెట్టు బోర్లించి దాని మీద కాలు పెట్టి ఎక్కాను. ఇంకో రెండు సార్లు నింపి పారబోశాను. ఆ తర్వాత నింపినప్పుడు పట్టీ లేతాకుపచ్చకి తిరిగింది. ఎవరికైనా చూపిద్దామని దాన్ని పట్టుకుని కొట్టులోకి వచ్చాను. కొట్టులో ఎవరూ లేరు.

కుళాయి నీళ్ళలో మందు వాసన పోవడానికి ఇంకో మూడు రోజులు ఎండలో వదిలేశాను. ఒక కుండీలో కలువ దుంప నాటి దించాను. తర్వాత అక్వేరియం షాపుకి వెళ్ళి ఒక్క చేపనే కొన్నాను. షాపతను, "ఒక్కటేనా అండీ? జత తీసుకోండి, ఒంటరిగా ఉంటే బెంగ పెట్టుకుంటుంది" అన్నాడు. ముందు నీళ్ళు పడతాయో లేదో చూడాలన్నాను.

అది రెండు రోజులు కుండీ వెనక దాక్కుని బయటికి రాలేదు. మూడో రోజు పొద్దున్న నేను మేత చల్లితే మెల్లగా పైకొచ్చి, ఒక పలుకు నోట్లోకి తీసుకుని, ఉమ్మేసి, మళ్ళీ తీసుకుంది. ఆ మాట చెబుదామని వెంటనే అక్కకి ఫోన్ చేశాను. రింగవుతూనే ఉంది, ఎత్తలేదు. స్నానానికి వెళ్ళిందేమో, కొట్టులో బావగారికి సాయంగా ఉందేమో. అంతకుముందైతే ఇంట్లోకి వినపడేలా ఒక్క కేకేస్తే సరిపోయేది.

నేను గట్టు మీదే కూర్చుని, అది తినడం పూర్తయ్యేదాకా చూశాను.