ముందు నడిచే మేక

ఈరోజు పొద్దున తుక్కుగూడ దాటాక గొర్రెల మంద రోడ్డుకి అడ్డం వస్తే గట్టిగా హారన్ మోగించాను. మంద బెదిరి రెండుగా చీలిపోయింది. ఎవరో కాపరి, నా వైపు చూసిన చూపుకి కారు పక్కకి తీసి ఆపేశాను. ఆ హారన్ మరెవరైనా కొట్టవచ్చు, నేను కొట్టకూడదు.

శంషాబాద్‌కి విమానాశ్రయం వచ్చిన రెండేళ్లకి మంఖాల్‌లో ఇల్లు కట్టుకున్నాం. చుట్టూ హద్దురాళ్లు పాతిన ప్లాట్లు, వాటి మధ్య మిగిలిన గడ్డి, ఆ గడ్డి కోసం రోజూ వచ్చే ఒక ముసలి కాపరి. మా బోరు దగ్గరి తొట్టిలో ఆయన గొర్రెలు నీళ్లు తాగేవి. వాటి ముందు మెడలో గంటతో ఒక నల్ల మేకపోతు నడిచేది, మా ఆఫీసు మేనేజరుకి కూడా లేని హుందాతనంతో. అది మూతి పెట్టేదాకా ఒక్క గొర్రె కూడా నీళ్లు ముట్టేది కాదు. కాపరి ఈల వేస్తే అది ఆగి, చెవులు నిక్కించి, ఒక్కసారి అరిచి వెనక్కి తిరిగేది. దాని వెనకే మంద మొత్తం తిరిగేది. గొర్రెలు ఆయన మాట వింటున్నాయనే నేను అనుకునేవాణ్ణి.

గృహప్రవేశమైన వారానికి ఆఫీసువాళ్లకి మాంసం భోజనం పెట్టాలని ఆ మేకపోతునే అడిగాను.

"గా మేక వద్దు సారూ. గది ముందల నడిచేది. గా పొట్టేలును తీస్కో, ఎట్ల బలిసిందో జూడు."

బేరం పెంచుతున్నాడనుకున్నాను. "మా నీళ్లు తాగి పెరిగిందే కదా పెద్దయ్యా, మాకిస్తే తప్పేమిటి?" అన్నాను, నవ్వుతూనే. ఆయన నవ్వలేదు. కాసేపు తొట్టి వైపు చూసి, మేక మెడలోని గంట విప్పుకుని, తాడు నా చేతికిచ్చాడు. భోజనం బాగుందని అందరూ మెచ్చుకున్నారు.

మర్నాడు ఆఫీసుకి వెళుతుంటే శ్రీశైలం రోడ్డు మీద లారీ ఆగి ఉంది. దాని ముందు ఐదు గొర్రెలు చచ్చి పడి ఉన్నాయి, అందులో రెండు చూలుతో ఉన్నవి. మిగిలినవి ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చుకుని ఇంకా రోడ్డు మధ్యలోనే ఉన్నాయి. "ఈల వెయ్యలేదా?" అని వాటి పక్కన నిలబడ్డ కాపరిని అడిగాను.

"ఏసిన. నా ఈల గొర్లకేం ఎరుక సారూ? దానికెరుక. అది చెప్తెనే ఇవి ఇంటయి."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి ఆయన మందని మా తొట్టికి తోలుకురావడం మానేశాడు.

నేను రోజూ గంట ముందే బయల్దేరి, మంద దాటే చోట స్కూటర్ నిలిపి, ఎర్ర తువ్వాలు ఊపుతూ లారీలని ఆపేవాణ్ణి. చాన్నాళ్లు ఆయన నాతో మాట్లాడలేదు. "జర పక్కకు నిలబడు సారూ, నిన్ను జూసి బెదురుతున్నయి" అన్నదే తొలి మాట. అప్పటికే ఒక మేకపిల్లని ముందు నడవడానికి తయారుచేస్తున్నాడు. అది ఈలకి తిరగడం, దాన్ని గొర్రెలు నమ్మడం, అన్నీ కుదిరేసరికి ఏడాది పట్టింది. నేను ఒక్క పూటలో తినేసినదాన్ని మళ్లీ నిలబెట్టడానికి ఆ ముసలాయన, తనకి మిగిలిన కొద్ది ఏళ్లలోంచి ఒకటి ఖర్చుపెట్టాడు. ఆ ఏడాదంతా నేను రోడ్డు మీద నిలబడ్డాను, అంతే.