పాతాళ గ్యాసు, ప్రహరీ పగులు

ఆ రోజుల్లో తెలియని విషయం గురించి రాయడానికి నాకు రెండు గంటలు చాలేవి. ఇప్పుడు తెలిసిన విషయానికే వారం పడుతోంది. తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న కాలం. దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో మేడమీద గది కిరాయికి తీసుకుని, ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా కొత్తగా చేరాను. ఆదివారం సంచికలో ఒక పేజీ ఖాళీగా మిగిలితే, కోస్తాలోని లోతైన గ్యాస్ బావుల గురించి రాయమన్నారు మా డెస్క్ ఇన్‌ఛార్జి. (నేను చదివింది తెలుగు ఎమ్మే.) ఒక భూగర్భశాస్త్ర పుస్తకం ముందేసుకుని రాసేశాను. పాతాళంలో గట్టి రాతిలో చిక్కుకున్న గ్యాస్ పైకి రావాలంటే ఆ రాతిలో పగుళ్ళుండాలి, అవి ఒకదానితో ఒకటి కలిసి బావిని చేరాలి. రాతి పొరలు విరిగి పక్కకు జారిన చోటును భ్రంశం అంటారు. అది కొన్నిచోట్ల గ్యాస్‌ను తలుపులా ఆపేస్తుంది, కొన్నిచోట్ల దొంగదారిలా వదిలేస్తుంది. ఏది ఏం చేస్తుందో తవ్వేదాకా గట్టిగా చెప్పలేం. ఈ చివరి వాక్యాన్ని, స్థలం చాలక, నేనే కొట్టేశాను.

మా ఇంటి ఓనరు గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ లెక్కల మాస్టారు. నా వ్యాసాన్ని ఎర్ర పెన్నుతో గీతలు గీస్తూ చదివారు. ఆ వేసవిలోనే ఇంటి బోరు ఎండిపోయింది.

"కొత్త బోరులో నీళ్ళు పడితే సరేనండి. పడకపోతే మేడమీదికి నీళ్ళివ్వలేను, గది ఖాళీ చేసెయ్యాలి. పాయింటు మీరే చూపించండి. అంత లోతు గ్యాసే తెలిసినవారికి నీళ్ళెంతండీ!" అన్నారు. కొబ్బరికాయ పట్టుకుని నీళ్ళు చూసేవాణ్ణి కూడా వద్దని పంపేశారు.

నేను పెరట్లో మూడుసార్లు తిరిగాను. తూర్పు ప్రహరీ పైనుంచి కిందిదాకా పగిలి ఉంది. గోడ పగిలిందంటే కింద రాయి కదిలి ఉండాలన్నాను.

"భ్రంశమాండీ?" అన్నారు మాస్టారు, ఎంతో గౌరవంగా.

"అయ్యుండొచ్చు" అన్నాను.

బోరు బండి వచ్చేనాటికి బంద్. ఎల్.బి.నగర్ చౌరస్తాలో ఆపేశారు. గోడకవతల ఉండే నల్గొండ లారీ అన్న (ఉద్యమ టెంటులో రోజూ కూర్చునే మనిషి) స్వయంగా వెళ్ళి, "మా పక్కింటి సారు బోరు, జర ఇడువుండ్రి" అని బతిమాలి విడిపించుకొచ్చాడు. ఆయనకెందుకింత శ్రద్ధో నాకర్థం కాలేదు.

సాయంత్రందాకా బూడిదరంగు రాతిపొడే వచ్చింది. సందులో ఆరేసిన బట్టలన్నీ ఒకే రంగుకు మారాయి. "ఇంకా దించాలా సార్?" అని బండివాడు నన్నే అడుగుతున్నాడు. "పగులు తగలాలి" అంటున్నాను.

లారీ అన్న ఇక ఉండబట్టలేకపోయాడు. "ఏ పగులు తమ్మీ? గా గోడ చూసి బోరు ఏపిస్తున్నవా ఏంది?"

"అవునన్నా."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "సారూ, గా గోడ నేనే పలగ్గొట్టిన. లారీ ఎనుకకు తీస్తుంటె తాకింది. మీరు పరేషాన్ అయితరని చెప్పలే."

మాస్టారు వెళ్ళి పగులును పైనుంచి కిందిదాకా చూసొచ్చారు. "అంటే భ్రంశం కాదన్నమాట."

"కాదు సారు, లారీ."

బోరులో చుక్క పడలేదు. నేను మేడమీదికెళ్ళి పెట్టె సర్దుకున్నాను. తెల్లారి కిందికి దిగేసరికి, ఆ గోడ పగులులోంచి ఒక నల్ల పైపు వచ్చి మా సంపులోకి దిగి ఉంది. అవతల అన్న మోటరు వేసినట్టున్నాడు, నీళ్ళు ధారగా పడుతున్నాయి.

నా చేతిలో పెట్టె చూసి మాస్టారు, "ఎక్కడికండీ? పగుళ్ళు కలిస్తే వస్తుందని మీరే రాశారు కదా, వచ్చింది. గదిలో పెట్టెయ్యండి" అన్నారు. ఆయన హాస్యమాడారో, నా సిద్ధాంతాన్ని ఒప్పుకున్నారో ఇప్పటికీ తెలియదు.

ఆ గదిలో ఉన్నన్నాళ్ళూ ఆ నీళ్ళే వాడుకున్నాను. బంద్ పిలుపు వచ్చిన రోజున అన్న ముందే మోటరు వేసి, "సారూ, జల్ది డ్రమ్ములు నింపుకోండ్రి, మేం రోడ్డు బంద్ చెయ్యనీకి పోతున్నం" అని గోడమీంచి కేకేసేవాడు. "జాగ్రత్తండోయ్" అనేవారు మాస్టారు.

ఇప్పుడక్కడ రెండు స్థలాలూ కలిపి అపార్ట్‌మెంటు కట్టారు. గోడే లేదు. నేను మాత్రం భూమి లోపలి సంగతులు రాసేటప్పుడు, తవ్వేదాకా గట్టిగా చెప్పలేం అనే ఆ చివరి వాక్యం వదలను. స్థలం చాలకపోతే నా పేరు కొట్టేస్తాను.