బఫర్లకు నేను కాసిన కాపలా

ఒక పెద్ద బ్యాంకును పట్టపగలు, ఏరియూరులో మా కులదేవత గుడి అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒళ్ళో మేనకోడలిని పెట్టుకుని ముంచబోయినవాణ్ణి నేను. దొంగతనం కాదు, మోసం కాదు, అతి శ్రద్ధ. శ్రద్ధతో కూడా కొంపలు ముంచవచ్చని కనిపెట్టిన ఘనత నాకే దక్కాలి. ఇంత ధైర్యంగా ఎలా రాస్తున్నానంటారా? తమిళనాడులోని మా పల్లె పిక్కిలిలో, మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు గానీ ఒక్కరికీ తెలుగు చదవడం రాదు. బడిలో నేర్చింది తమిళం. నేనొక్కణ్ణే పెద్దయ్యాక పంతం పట్టి అక్షరాలు దిద్దుకున్నాను. కాబట్టి మా అవ్వ గురించి ఇక్కడ ఏం రాసినా నాకు ప్రాణభయం లేదు.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. మెయిన్‌ఫ్రేమ్ అంటే బీరువాలంత కంప్యూటరు. మీరు ఏటీఎంలో కార్డు పెట్టగానే దానికి ఒక కబురు పోతుంది, జవాబు తిరిగి వస్తుంది. వచ్చేపోయే కబుర్లు కాసేపు ఆగడానికి అందులో చిన్న చిన్న అరలుంటాయి. వాటిని బఫర్లంటారు. అన్నీ కలిపితే బఫర్ పూల్. పెళ్ళి బంతిలో వడ్డించే గిన్నెల్లాంటివి అవి. నిండుగా పోవాలి, ఖాళీగా వంటింటికి తిరిగి రావాలి. గిన్నెలన్నీ బంతిలోనే ఉండిపోతే, వంట ఎంత ఉన్నా వడ్డన ఆగిపోతుంది. అరగంటకొకసారి ఒక కమాండు కొట్టి, ఎన్ని గిన్నెలు బయట ఉన్నాయో కంప్యూటరును అడిగి రాసుకోవడం నా పని. మూడో వంతు బయట ఉంటే కాఫీ తాగొచ్చు. మూడింట రెండు వంతులైతే చెన్నైలో ఉన్న మా శాంతి మేడంకు చెప్పాలి.

ఇదే పని పిక్కిలి నుంచి చేస్తానని మేడంను బతిమాలాను. చెన్నైలో మేం ఐదుగురం ఒక గదిలో ఉండేవాళ్ళం, ఒకడు బోర్లా పడుకోవాలంటే మిగతా నలుగురం ఒప్పుకోవాలి.

“ఊళ్ళో కూర్చుంటే నీ కన్ను స్క్రీను మీద ఉంటుందా?” అన్నారు మేడం. (ఆవిడది తమిళం. మీకోసం తెలుగులో రాస్తున్నాను. తిట్లు కొన్ని తగ్గించాను.)

“ఒక్క సెకను కూడా వదలను మేడం!”

“నెల రోజులు చూస్తాను. తేడా వస్తే పెట్టె సర్దుకుని వచ్చెయ్యాలి.”

ఇరవై తొమ్మిది రోజులు ఏ తేడా లేకుండా గడిచాయి. ముప్ఫయ్యో రోజునే మా రేవతక్క కూతురికి చెవులు కుట్టే ముహూర్తం పెట్టారు. మా వైపు కాదుకుత్తు అంటాం. బిడ్డ కూర్చోవలసింది మేనమామ ఒళ్ళో. రెండు చెవులూ అయ్యేదాకా మామ లేవకూడదు.

“అవ్వా, ఇంగో రోజు పెట్టుకుంటే కాదా?” అన్నాను.

“చెవులు కుట్టే ఆసారి వచ్చేది ఆ పొద్దే. ఆయప్ప మాదిరి నొప్పి తెలీకుండా కుట్టేవాళ్ళు ఈ సుట్టుపక్కల లేరు. నీ కంప్యూటరుకి నువ్వు లేకుంటే ఇంగొగరు ఉంటారు. ఈ బిడ్డకి తాయ్‌మామ నువ్వొగడివే.”

“మేడం లీవు ఇయ్యదు అవ్వా.”

“అడిగినావా?”

“లేదు.”

“అడగకనే ఏంటికిరా ఏడుస్తా ఉండావు?”

అడిగి ఉంటే ఇచ్చేవారేమో. కానీ పరీక్ష ఆఖరి రోజున సెలవంటే ఏమనుకుంటారోనని నోరు పెగల్లేదు. దానికి తోడు నాకు తెలివి ఒకటి ఏడ్చింది కదా! ముందు రోజు రాత్రి భోజనానికి ముందే కూర్చుని, మెయిన్‌ఫ్రేమ్‌లోనే నడిచే ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. నా బదులు అదే కంప్యూటరును అడుగుతుంది. జవాబు పిక్కిలిలో నా ల్యాప్‌టాప్‌కు పంపిస్తుంది. బఫర్లు సగం దాటితే నా పేరుతో మేడంకు కబురు కూడా పెడుతుంది. అరగంటకొకసారి అడగమంటే సరిపోయేది. కానీ నేను మాట ఇచ్చిన మనిషిని. సెకనుకోసారి అడగమన్నాను. మీసం లేదు గానీ ఉంటే మెలేసేవాణ్ణే.

పొద్దున ప్రోగ్రాం నడిపించి, ల్యాప్‌టాప్ మూత వేసి, బైకెక్కి ఏరియూరు పోయాను.

గుడి అరుగు మీద చాప పరిచారు. మేళం మొదలైంది. గుండు గీయించి చందనం పూసిన బిడ్డను తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. ఆసారి, అదే కంసాలి, చిన్న కమ్మి సానబెట్టుకుంటున్నాడు. ఫోన్ మోగింది.

“గిరీ, నీ కబురు అందింది. బఫర్లు సగం దాటాయన్నావు. బాగా పట్టుకున్నావు! ఎందుకు పెరుగుతున్నాయి?”

ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించాను. “చూస్తున్నాను మేడం.”

“ఆ మేళం ఏమిటి?”

“పక్కింట్లో మేడం.”

అప్పుడే ఆసారి మొదటి చెవి కుట్టాడు. బిడ్డ కెవ్వుమంది.

“ఆ ఏడుపు?”

“పక్కింటి బిడ్డ మేడం.”

“నీ ఒళ్ళో ఏడుస్తున్నట్టే ఉంది.”

“గోడలు పలచన మేడం.”

“సరే, మూడింట రెండు వంతులైంది! నువ్వు స్క్రీను వదలకు.”

“ప్రోగ్రాం పెట్టి సెకనుకోసారి చూస్తున్నాను మేడం!” అన్నాను. అప్పటిదాకా నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

“మంచి పని. నీ ప్రోగ్రాం ఇక్కడ ఇంకో ఇద్దరికి కూడా ఇచ్చి పెట్టిస్తాను. ఆరు కళ్ళతో చూద్దాం.”

రెండు నిమిషాలు గడవలేదు. మళ్ళీ ఫోన్. ఈసారి మేడం గొంతు వణుకుతోంది. “ముప్పావు దాటింది గిరీ! బ్రాంచీల్లో స్క్రీన్లు కదలడం లేదట. ఇంకో పది నిమిషాలైతే మొత్తం ఆగిపోతుంది. ఏదో ఒకటి చెయ్యి!”

లేచి పరుగెత్తాలని ఉంది. లేవబోతే రేవతక్క భుజం పట్టి కుదేసింది. “ఇంగొగ చెవి ఉంది. లేసినావంటే సంపేస్తాను.” అప్పటికి బిడ్డ ఏడ్చి ఏడ్చి ఎర్రబడింది. ఎందుకేడుస్తోందోనని మా ఆడంగులంతా చుట్టూ చేరి వంగి చూస్తున్నారు. వాళ్ళు చూసేకొద్దీ అది గుక్కపడుతోంది. అది గుక్కపట్టేకొద్దీ వెనకవాళ్ళు కూడా ముందుకు తోసుకొచ్చి చూస్తున్నారు. బిడ్డ సంగతి అటుంచండి, మధ్యలో నాకే ఊపిరాడటం లేదు.

అవ్వ చేతికర్ర పైకెత్తింది. “అందురూ దూరం పోండి! బిడ్డ ఏంటికి ఏడుస్తా ఉందని చూసేకి వచ్చినారా? మీరు చూస్తా ఉండేదానికే అది ఏడుస్తా ఉండేది!”

అందరూ వెనక్కి జరిగారు. బిడ్డ రెండు వెక్కిళ్ళు వెక్కి ఊరుకుంది. నా బుర్రలో మాత్రం పిడుగు పడింది. నేను అడిగే ప్రతి ప్రశ్నకూ కంప్యూటరు జవాబు పంపాలి. ఆ జవాబు రావడానికి ఒక గిన్నె కావాలి. పిక్కిలిలో మూత వేసిన ల్యాప్‌టాప్ నిద్రపోతోంది, గిన్నె అందుకునే దిక్కు లేదు. సెకనుకో గిన్నె నింపి బంతిలోకి పంపుతున్నాను, ఒక్కటీ తిరిగి రావడం లేదు. పైగా చెన్నైలో ఇంకో ఇద్దరు పెట్టిన నా ప్రోగ్రాం జవాబులు కూడా అటే పోతున్నాయి. గిన్నెలు ఎందుకు అయిపోతున్నాయో లెక్కపెట్టడానికి గిన్నెలన్నీ మేమే వాడేస్తున్నాం.

“మేడం! నా ప్రోగ్రాం ఆపండి. మూడూ ఆపండి. నా కనెక్షన్ కూడా కోసెయ్యండి!”

“పిచ్చెక్కిందా? అది ఆపితే మనకు కళ్ళుండవు!”

“ఆ కళ్ళే మేడం జబ్బు!”

అటువైపు కీబోర్డు టకటకలు వినిపించాయి. నేను మా కులదేవతకు ఏమేం మొక్కుకున్నానో ఇప్పుడు చెప్పను, కొన్ని ఇంకా తీర్చలేదు.

“దిగుతోంది గిరీ… సగం… మూడో వంతు! బ్రాంచీలు కదిలాయి. శభాష్! ఇంతకీ నీ ప్రోగ్రాంలో వేలుపెట్టి పాడుచేసిందెవరు? పేరు చెప్పు, చెన్నైలో ఎంతటివాడైనా వదలను.”

అబద్ధం నాలుక చివరే ఉంది. కానీ కాసేపటి క్రితం ఆవిడ గొంతు వణకడం విన్నాను. సిగ్గేసింది.

“చెన్నైవాడు కాదు మేడం. పిక్కిలివాడు.”

“పిక్కిలిలో మనవాళ్ళెవరున్నారు?”

“నేనే మేడం.”

ఇంతలో అవ్వ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని తమిళంలో అందుకుంది. “ఎవురమ్మా నువ్వు? బిడ్డని ఒళ్ళో పెట్టుకోని ఉండేవాడితో అంత సేపు ఏం మాట? ఇంగొగ చెవి కుట్టాల. ఆసారి కాసుకోని ఉండాడు. నువ్వూ బస్సెక్కి రా, తినేసి పోదువు.”

మేడం, “వీడియో పెట్టమనండి” అన్నారు. పెట్టాను. తలకు కండువా, ఒళ్ళో గుండు, ఒంటినిండా చందనం మరకలు, పక్కన కమ్మి పట్టుకున్న ఆసారి. మేడం నన్ను చూశారు, బిడ్డను చూశారు. “ముందు ఆ రెండో చెవి కానివ్వు” అని పెట్టేశారు.

సాయంత్రం దాకా నేను నీళ్ళు కూడా ముట్టలేదు. మనసులో పెట్టె సర్దేసుకున్నాను. ఐదింటికి ఫోన్ వచ్చింది.

“రిపోర్టులో ‘కారణం’ అనే గడిలో నీ పేరు రాశాను. తర్వాత గుర్తొచ్చింది, మిగతా రెండూ పెట్టించింది నేను. నా పేరు కూడా రాయాల్సి వచ్చింది. రాశాను. నిన్ను చెన్నైకి రప్పిస్తే నేనెక్కడికి పోవాలి?”

వెనకాలే ఉత్తరం వచ్చింది. ఇంటి నుంచి పని చేయడానికి అనుమతి ఇవ్వడమైనది. షరతు ఒక్కటే: ఈ ఉద్యోగి తన పనిని అరగంటకు ఒకసారికి మించి చూడరాదు. పని ఎక్కువ చూడొద్దని ఆఫీసు నుంచి కాగితం అందుకున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

కనుక మా కులదేవత సాక్షిగా, ఆసారి చేతి కమ్మి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో దేన్నీ సెకనుకోసారి చూడను. పొయ్యి మీద పాలు పెట్టి చూస్తూ ఉండమన్నా సరే, అరగంటకొకసారే చూస్తాను. పొంగిపోయాయని రేవతక్క కేకలేసినప్పుడల్లా ఆ కాగితం తీసి చూపిస్తున్నాను.