మబ్బుకు సమాధి అడ్డమా?

మా హైస్కూలు సైన్సు సారు పోయారు. కళ్యాణదుర్గం పక్కన, ఆయన సొంత ఊళ్లోనే, చేనిగట్టున మొన్న పూడ్చాం. చాలా ఏళ్లు ఒకే బడిలో పనిచేశాం. ఆయన సైన్సు, నేను తెలుగు. కబురు తెలియగానే దిగులు కంటే ముందు నాకు భయం వేసింది.

సారుకు చేతుల మీద, పెదాల మీద తెల్లమచ్చలు. వాళ్లమ్మకూ ఉండేవి. మచ్చలున్నవాళ్లను పూడిస్తే వాన పడదని మా పల్లెల్లో ఒక నమ్మకం. పడకపోతే శవాన్ని తవ్వి తీసి కాలుస్తారు. డెబ్బైల్లో ఒక కరువు ఏడాది వాళ్లమ్మను అలాగే తీశారు. గడ్డపారలతో ముందు నడిచింది సారు చిన్నాయనే.

"ఏమప్పా, చేన్లన్నీ ఎండిపోతాండాయి. మీయమ్మ కోసరం ఊరంతా చావల్లనా?"

"మబ్బు యాడ పుడుతుందో తెల్సునా చిన్నాయనా? సముద్రం కాడ. పడమటి కొండలు తేమంతా పిండుకుంటే మనకు వట్టి గాలి వస్తాది. మాయమ్మ పోయి ఆడ అడ్డం నిలబడిందా?"

"బడి పాఠాలు బడిలో చెప్పుకో. జరుగు."

ఆయన జరగలేదు. ఇద్దరు రెక్కలు పట్టుకొని జరిపారు.

ఆ వారంలోనే వాన పడింది. పడాలా అప్పుడే! ఊరు ఊరంతా ఆయన ముఖంలోకి చూసి నవ్వింది. మర్నాడు ఆయన క్లాసులో శెనక్కాయ గింజ ఎత్తి పట్టుకున్నారు.

"ఇది భూమి అనుకోండ్రా. ఈ ఎర్ర పొట్టు ఉండాదే, మన గాలి అంత పలచన. దాంట్లో నేలను ఆనుకున్న పొర ట్రోపో ఆవరణం. మబ్బూ వానా దాదాపు అంతా ఈడనే. దానిపైన స్ట్రాటో ఆవరణం. ఆడ ఓజోను మనల్ని ఎండ కాటు నుంచి కాస్తాంటాది. గాలిలో ముప్పాతికకు పైన నత్రజని, ఐదో వంతు ఆమ్లజని. నీటి ఆవిరి ఒకపూట ఎక్కువ ఉంటాది, ఒకపూట తక్కువ. దీంట్లో శవానికి చోటు యాడుందో చూపించండి."

"మరి వాన వచ్చె గదా సార్?" అంది వెనక బెంచీ పిల్ల.

"వచ్చె. దానికి ముందురోజు నేను క్షవరం చేయించుకుంటి. అందుకే వచ్చిందనుకో!"

పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ తర్వాత ఎప్పుడు వాన మొదలైనా పాఠం ఆపేసేవారు. కిటికీ రెక్కలు మూసి, చినుకుల చప్పుడు తగ్గేదాకా గోడ వైపు తిరిగి నిలబడేవారు.

జనం నమ్మకాలను గౌరవించాలట, పెద్దమనుషులు నాకు బుద్ధి చెబుతుంటారు. చెరువులో పూడిక తీయడానికి లేవని గడ్డపారలు సమాధి మీదికి ఎందుకు లేస్తాయో ముందు ఆ పెద్దమనుషులే చెప్పాలి.

మంచం పట్టాక సారు నాతో అన్నారు: "నన్ను కాల్చద్దన్నా, పూడ్చండి. మచ్చలోడు మన్నులో ఉండంగా ఒక్క వాన పడనీ, చాలు."

"పడకపోతే?"

"వాళ్లు వస్తారు. నువ్వుండావు గదా."

ఈ ఏడు ఇంతవరకు చినుకు లేదు. నిన్న ఆ చిన్నాయనే, ఇప్పుడు పండు ముసలి, దారిలో ఎదురై, ఆకాశం వైపు చూసి, తర్వాత చేనిగట్టు వైపు చూశాడు. అందుకే సారు పాత శిష్యులు కొందరూ, నేనూ, వంతులవారీగా ఇక్కడ సమాధి దగ్గర కాపలా కూర్చుంటున్నాం. ఇది రాస్తున్నదీ ఇక్కడి నుంచే. ఇందాక పడమటి నుంచి ఒక మబ్బు వచ్చింది. దాని నీడ సమాధి మీద కాసేపు ఆగి, తూర్పు చేలల్లోకి జారిపోయింది. ఊరి వైపు నుంచి నలుగురు నడిచి వస్తున్నారు. చేతుల్లో ఏముందో ఇంత దూరం నుంచి తెలియడం లేదు.