మా ఇష్టంతోనే

బోయిన్‌పల్లి నుంచి స్టేషన్‌కు పోయే బస్సు ప్యారడైజ్ దగ్గర బ్రేకు వేసేసరికి నా భుజానికి ఏదో పొడుచుకుంది. తిరిగి చూస్తే, నిలువెత్తు ఫ్లెక్సీ చుట్టతో ఒక అమ్మాయి. ఇరవై నిండి ఉండవు.

"సారీ తాతా. జెర ఆ కొస పట్టుకో. లోపల ముప్పై నాలుగు తలకాయలున్నయి."

"ఎవరివమ్మా?"

"పదోది పాసైనోళ్లవి. నూటికి నూరు శాతమంట."

పేరు జెనిఫర్. ఫ్లెక్సీ దుకాణంలో కంప్యూటర్ మీద ఫొటోలు పేర్చే పని. ఈ చుట్ట చేరాల్సింది చిలకలగూడలో తను చదివిన బడికే.

"మరి నీ ఫొటో ఏ ఏడు వేశారు?" అన్నాను, ముసలి చాదస్తం కొద్దీ.

"నన్ను తొమ్మిదిలనే తీసేసిన్రు గద. లెక్కల్ల పదకొండు మార్కులు. పదిల ఫెయిలైతే బడి పేరు ఖరాబు. మమ్మీని పిలిచి, కుర్చీ ఏసి, చాయ్ ఇచ్చిన్రు. 'ప్రేమమణి గారూ' అన్నది ప్రిన్సిపాల్ మేడమ్."

తల్లి హాస్టల్లో వంట చేస్తుంది. అంతవరకూ ఆమెను ఎవరూ కూర్చోమన్నది లేదు. ఆ మర్యాదకే కరిగిపోయి, 'మా ఇష్టంతోనే టీసీ తీసుకుంటున్నాము' అన్న కాగితం మీద సంతకం పెట్టేసింది. ఆ మార్కులు చూసి ఇంకే బడీ పిల్లను చేర్చుకోలేదు.

తిరిగిన ఊళ్లన్నిటా గ్రంథాలయాల్లో దూరడం నా అలవాటు. బడి మానేసిన పిల్లల మీద నివేదికలు చాలా చదివాను. పేదరికం, వలస, జబ్బులు, చదువంటే అనాసక్తి అని గళ్లుంటాయి. సంతకం ఉంది కనుక జెనిఫర్‌ను ఆఖరి గడిలోనే వేసి ఉంటారు. కుర్చీకీ చాయ్‌కీ ఏ పట్టికలోనూ గడి లేదు.

"ఇయ్యాల మళ్ల పిలిచిన్రు," అంది. "మా చెల్లె డోరాది తొమ్మిది అయిపోయింది. దానికి సుత లెక్కలే తక్లీఫ్."

"అమ్మ రాలేదే?"

"నేనే వద్దన్న. చాయ్ తాగి సంతకం పెడ్తది."

"నిన్నూ కూర్చోబెడితే?"

"కూసోను. నిలబడే మాట్లాడ్త. డోరా పదోది గీ బడిలనే రాస్తది."

స్టేషన్ దగ్గర దిగి, చుట్ట రెండో కొస నేను మోస్తూ గేటు దాకా వెళ్లాను. నాకక్కడ పనేమీ లేదు. నాకు ఎక్కడా ఉండదు. గేటు మీద నిరుటి ఫ్లెక్సీలో మొహాలు ఎండకు వెలిసిపోయి ఉన్నాయి.

జెనిఫర్‌ను చూసి ఆయా వరండాలోకి కుర్చీ లాగింది. జెనిఫర్ నా చేతిలోంచి కొస తీసుకుని, చుట్టను మోసుకెళ్లి ఆ కుర్చీ మీద అడ్డంగా పడుకోబెట్టింది. చున్నీ సర్దుకుని, వెనక్కి చూడకుండా ప్రిన్సిపాల్ గదిలోకి నడిచింది.