గిలకకు వేలాడిన భుజం

ఆ ఆదివారం బాలానగర్‌లోని మా కిరాయి గదిలో ఉన్న సరుకు: దూలానికి బిగించిన బావి గిలక, నూలు తాడు, ఫ్యాక్టరీ తుక్కులోంచి ఏరుకొచ్చిన నాలుగు కిలోల పోత ఇనుప ముద్ద, కోణమానిని. ఉన్నవాళ్లు: నేను, నాతో గది పంచుకునే ఫిట్టరన్న, భుజం ఎత్తుకు కూడా లేవని నా కుడిచెయ్యి. చేతిని విడిగా లెక్కపెట్టడానికి కారణం, అది నా మాట వినడం మానేసి చాలా కాలమైంది.

సైకిలు మీంచి పడ్డాక భుజం బిగుసుకుపోయింది. దవాఖానలో సర్జన్ చేతిని అటూ ఇటూ కదిపి, తుప్పు పట్టిన బోల్టు గురించి చెప్పినట్టు, "కోసి వదులు చెయ్యాలి" అన్నాడు. డ్రాయింగ్ బోర్డు మీద నాకు అన్నం పెట్టే చెయ్యి అది. బతిమాలితే నెల గడువిచ్చి ఫిజియోథెరపీ గదికి పంపాడు. ఆలోగా చెయ్యి తనంతట తాను భుజం దాటి, అంటే తొంభై డిగ్రీలు దాటి, లేవకపోతే కత్తి తప్పదు.

అక్కడ కసరత్తు చేయించే ఆవిడ గుంటూరు వైపు మనిషి. "ఇంట్లో గిలకకు తాడేసి, ఎడమచేత్తో లాగి కుడిచేతిని లేపండి. పైకెళ్లాక పట్టు వదిలి, దాన్నే నిలబడమనండి. నొప్పెడుతుందండి. తిట్టుకోండి, నాకు వినపడకుండా."

ఎడమచేతికి ఆ శ్రమ దండగనిపించింది నాకు. తాడు అవతలి కొసకు ఇనుప ముద్ద కట్టాను. చెయ్యి హాయిగా పైకి లేచేది. ముద్దను కాస్త ఎత్తితే దిగేది. మధ్యలో నేను పేపరు చదువుకునేవాణ్ణి.

"ఏంది తమ్మీ, చేతికి లిఫ్టు పెట్టినవ్! ఇగ డ్యూటీ గూడ గా ముద్దనే చేస్తదా?" అన్నాడు ఫిట్టరన్న.

చెయ్యి లేచే కోణం నూట యాభై డిగ్రీలకు చేరాక, సగం గడువు మిగిలుండగానే, మెప్పు కోసం ఆవిడ దగ్గరికి వెళ్లాను. తాడు లేకుండా ఎత్తమంది. చెయ్యి డెబ్బై దగ్గరే ఆగిపోయింది. ముద్ద సంగతి చెప్పక తప్పలేదు.

"కసరత్తంతా ఇనుముకే అయిందండి. ఆపరేషన్ కూడా దానికి తప్పించేద్దామా?"

ముద్ద తుక్కులోకి వెళ్లిపోయింది. ఇక గోడ మీద వేళ్లతో పాకడం. నేను భుజాన్ని చెవిదాకా ఎగరేసి మోసం చెయ్యకుండా ఫిట్టరన్న పైనుంచి అదిమి పట్టేవాడు. నా కేకలకు గది కిరాయికిచ్చిన ఇంటామె పరుగెత్తుకొచ్చింది.

"ఎవర్ని కొడుతున్నరు?"

"ఎవర్ని గాదమ్మా. చెయ్యెత్తుతున్నడు, గంతే."

గడువు రోజున ఫిట్టరన్న కూడా వచ్చాడు. చెయ్యి ఎత్తాను. నడుము వంచానేమోనని సర్జన్ నా వెనక్కి వెళ్లి మరీ చూశాడు. తిరిగొచ్చి, చీటీ మీద ఆపరేషన్ అన్న మాట కొట్టేశాడు. ఫిట్టరన్న ఆయన్ను అడక్కుండానే జేబులోంచి కోణమానిని తీసి నా చంక దగ్గర పెట్టాడు.

తొంభై ఆరు డిగ్రీలు.