ఖాళీ గడులు లేని కాగితం

ఆవిడ జన్మలో ఒక్క వాయిద్యం ముట్టుకున్న మనిషి కాదు. పాడబోతే ఇంట్లోవాళ్ళు చేతులెత్తి దండం పెడతారు. అయినా సరే, ఆ ఊళ్ళో క్లారినెట్ ఊదేవాడికైనా, వయొలిన్ నేర్చుకునే పిల్లకైనా, పదిమంది కలిసి కట్టుకున్న బ్యాండుకైనా, ఏం వాయించాలో తెలియకపోతే తిన్నగా ఆవిడ దగ్గరికే నడుస్తారు.

అదొక సంగీతం సామాన్ల షాపు. ముందుగదిలో బాకాలూ గిటార్లూ తళతళా మెరుస్తుంటాయి. వెనకగదిలో మెరుపేం లేదు. కిటికీ, ఒక పొడుగాటి బల్ల, నేల నుంచి కప్పు దాకా చెక్క సొరుగులు, వాటినిండా అచ్చేసిన సంగీతం కాగితాలు. ఆ గదిలోకి షాపు యజమాని కూడా తలుపు తట్టే వస్తాడు. ఆవిడకి పేరంటూ ఒకటి ఉంది గానీ జీతం రోజున తప్ప ఎవరూ పిలవరు. అందరికీ కాగితాలక్కే. డెబ్బయ్యేళ్ళ పెద్దాయన కూడా అక్కా అనే అంటాడు.

చదువా, ఏడో క్లాసు దగ్గర ఆగిపోయింది. ఈ షాపుకి రాకముందు పన్నెండేళ్ళు టైలరు షాపులో బట్ట కత్తిరించింది. ఆ షాపు మూతపడితే, కాగితాలు సర్దడానికి మనిషి కావాలంటే ఇక్కడికొచ్చింది. అప్పటి పెద్దాయన, ఇప్పటి యజమాని తండ్రి, ఓపిగ్గా కూర్చోబెట్టి అయిదు గీతలూ, వాటి మీద చుక్కలూ ఎలా చదవాలో నేర్పాడు. ఆవిడకది కష్టమనిపించలేదు. జాకెట్టు పటం చూసి మనిషి ఎంత లావో చెప్పేదానికి, చుక్కలు చూసి మనిషికి ఎంత ఊపిరి కావాలో చెప్పడం ఒక లెక్కా?

అందుకే ఆవిడ ముందు కొలతలు తీసుకుంటుంది. ఒకసారి పోస్టాఫీసులో పనిచేసే క్లారినెట్టాయన వచ్చాడు, ఒక్కడే నిలబడి ఊదడానికి ఏదైనా ఘనంగా ఉండేది కావాలని.

"ఎంత పైకి పోతావ్ నాయనా?"

"ఇదిగో, ఈ పైచుక్క దాకా పోతానక్కా."

"మంచిరోజు సంగతి ఎవరడిగారు? ముక్కు కారుతూ, పెళ్ళాంతో పోట్లాడి, బస్సు తప్పిపోయిన రోజు ఎక్కడిదాకా పోతావో చెప్పు."

ఆయన నెత్తి గోక్కుని, దానికి రెండు చుక్కలు కింద చూపించాడు.

"అదీ నీ కొలత," అని సొరుగు లాగింది.

వయొలిన్ పిల్ల ఒకతి తనే ఒక పుస్తకం ఏరుకుని మురిసిపోతూ తెచ్చింది. అక్క మొదటి పేజీ చివర వేలు పెట్టింది. "ఇక్కడ నీ రెండు చేతులూ పనిలో ఉన్నాయి. పేజీ ఎవరు తిప్పుతారే, మీ అత్తగారా?"

"నాకింకా పెళ్ళి కాలేదక్కా."

"అయితే మరీ కష్టం," అని, అదే పాట వేరే అచ్చులో, పేజీ చివర రెండు క్షణాలు చెయ్యి ఖాళీ ఉండేది తీసి ఇచ్చింది.

బ్యాండ్లకైతే కొలత వేరు. కాగితం మీద నిలువుగీతలు గీసి గడులు చేస్తారు కదా, ఒక్కో గడికి నాలుగు దెబ్బలు. ఊదాల్సినచోట నల్ల చుక్కలుంటాయి. లేనిచోట ఖాళీ గడి. ఆ ఖాళీ గడుల్లో వాయిద్యం ఒళ్ళో పెట్టుకుని, మనసులో ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టుకుంటూ తన వంతు కోసం కూర్చోవాలి. అక్క ఏ బ్యాండుకి కాగితాలిచ్చినా ముందు ఎవరికెన్ని ఖాళీ గడులున్నాయో చూస్తుంది. ఎవరినైనా మరీ ఊరికే కూర్చోబెడితే ఆరునెలల్లో వాడు రావడం మానేస్తాడని ఆవిడ నమ్మకం. చాలామంది విషయంలో నిజమే అయింది.

ఇంత తెలిసిన మనిషి కూడా తమ్ముడి దగ్గరికొచ్చేసరికి పప్పులో కాలేసింది.

తమ్ముడు నీళ్ళాఫీసులో మీటర్లు చూసే ఉద్యోగి. ఆ ఆఫీసుకి పదకొండుమంది బ్యాండు ఒకటుంది. అందులో అతను ఇరవై రెండేళ్ళుగా యుఫోనియం ఊదుతున్నాడు. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని ఊదే పెద్ద ఇత్తడి వాయిద్యం అది. బ్యాండులో అందరూ దాన్ని బొజ్జ బాకా అంటారు. ఎనిమిది నెలల కింద అతనికి తలలో ఒక నరం మొరాయించింది. నెల్లాళ్ళు ఆసుపత్రి. మాట తిరిగొచ్చింది, నడక వచ్చింది, వేళ్ళు కూడా కదిలాయి. ఉద్యోగంలో చేరిపోయాడు. బ్యాండుకీ వెళ్ళాడు.

టౌన్‌హాల్లో ఆఫీసు బ్యాండ్ల కచేరీ పెట్టారు, ఆరువారాలుంది. నీళ్ళాఫీసు బ్యాండు మేస్త్రి అక్క దగ్గరికొచ్చి, "మీరే ఏదో ఒకటి చూడండక్కా, అన్నకి కూడా ఇబ్బంది లేకుండా," అన్నాడు. అక్క కళ్ళలో వత్తులేసుకుని వెతికింది. చివరికి బొజ్జ బాకాకి నాలుగు వంతుల్లో మూడు వంతులు ఖాళీ గడులే ఉన్న పాట ఒకటి ఏరింది. మధ్యమధ్యలో నాలుగు చుక్కలు ఊదితే చాలు. ఊరికే కూర్చోబెట్టకూడదన్న తన మాట తనే మర్చిపోయింది. తమ్ముడు కదా, అలసిపోకూడదు కదా.

మూడువారాలకి మేస్త్రి మళ్ళీ వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"అక్కా, అన్నంటే నాకు ప్రాణం. మీకు తెలుసు."

"తెలుసులే. తర్వాత సంగతి చెప్పు."

"ఊదాల్సినచోట ఊదడు, వద్దన్నచోట ఊదేస్తున్నాడు. అందరం మెల్లిగా వాయిస్తుంటే ఉన్నట్టుండి భోంయ్ మంటాడు. ఇంత తేలికది కూడా..." అని మాట మింగి, "పంపుహౌసులో ఒకాయన ఊదగలనంటున్నాడు. శుక్రవారం దాకా చూస్తాను. కుదరకపోతే అన్నని ఈసారికి కింద కూర్చుని వినమని చెప్పాలి. మీరే చెబితే బాగుంటుంది," అన్నాడు.

అక్కకి అర్థమైంది. ఈసారికి వినమంటే ఇంకెప్పుడూ వినమనే. ఆసుపత్రిలో కళ్ళు తెరిచి తమ్ముడు మొదట అడిగింది ఆ బాకా గురించేనాయె.

సాయంత్రం తమ్ముడింటికెళ్ళింది. తలుపు తీసిన మరదలు, "రండి వదినా. మీ తమ్ముడు గదిలో ఉన్నారు. రెండు గంటలైంది, ఆ ఇత్తడి మనిషితోనే కాపురం," అంది.

లోపల్నుంచి బాకా వినిపిస్తోంది. అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. చకచకా మెట్లెక్కి దిగినట్టు పరిగెడుతోంది స్వరం. ఎక్కడా తొట్రుపాటు లేదు. ఇదేంటి, వేళ్ళు ఇంత బాగుంటే అక్కడెందుకు తప్పుతున్నాడు?

లోపలికెళ్ళి, "ఏదీ, కచేరీది ఊదు," అని ఎదురుగా కూర్చుంది.

నాలుగు చుక్కలు ఊదాడు, చక్కగా. తర్వాత పన్నెండు ఖాళీ గడులు. బాకా దించుకున్నాడు. అక్క మనసులో తను లెక్కపెట్టుకుంటూ అతని పెదాలు చూస్తోంది. ఒకటి అని కదిలాయి, రెండు, మూడు, నాలుగు. తర్వాత పెదాలు ఆగిపోయాయి. కళ్ళు కాగితం మీద ఎక్కడికో పోయాయి. ఉన్నట్టుండి కంగారుగా బాకా ఎత్తి ఊదేశాడు.

"ఎన్ని గడులు పోయాయిరా?"

"పన్నెండు."

"ఏడు."

తమ్ముడు బాకా మంచం మీద పెట్టేశాడు. "లెక్క జారిపోతోందక్కా," అన్నాడు. "నాలుగైదు దాకా వస్తుంది, తర్వాత పట్టుకోబోతే ఉండదు. మీటరు అంకె చూసి రాసుకునేదే కాబట్టి ఆఫీసులో తెలీలేదు. ఊదుతున్నంతసేపూ ఏ బాధా లేదు, పాటే నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది. ఆగానంటే చాలు, తప్పిపోతాను."

"పక్కనున్నాయన్ని మోచేత్తో పొడవమనకపోయావా?"

"స్టేజీ వచ్చింది దిగమని పొడవడానికి నేనేమన్నా బస్సులో నిద్రపోతున్నానా?"

"నాకైనా చెప్పొచ్చుగా."

"చెబితే నువ్వు ఇంకా తేలికది ఇచ్చేదానివి."

ఆ మాటకి అక్కకి తల తీసేసినట్టయింది. కొలత తియ్యకుండా బట్ట కత్తిరించిన పని చేసింది మరి. జబ్బు చేసిన మనిషంటే వేళ్ళు నెమ్మదిస్తాయని తనకి తనే అనుకుంది. జాలిపడి, సరిగ్గా అతను చెయ్యలేని ఆ ఒక్క పనినే తెచ్చి ఒళ్ళో పోసింది.

మర్నాడు షాపులో ఎవరొచ్చినా "రేపు రండి" అంది. సొరుగులన్నీ బల్లమీదకెక్కాయి. యజమాని తొంగిచూసి, "ఏమన్నా పోయిందా అక్కా?" అంటే, "ఆఁ, నా బుద్ధి," అంది. రెండోరోజు మధ్యాహ్నానికి అట్టడుగు సొరుగులో దొరికింది. ఎప్పటిదో పాత పాట. అందులో బొజ్జ బాకా మొదటి గడి నుంచి చివరి గడి దాకా ఆగనే ఆగదు. పేజీనిండా చీమలు బారులు తీరినట్టు చుక్కలు. ఇరవయ్యేళ్ళలో దాన్ని ముగ్గురు చూశారు, ముగ్గురూ చూసి వెనక్కిచ్చేశారు. ఖాళీ గడులన్నీ పైస్వరాలు ఊదే చిన్న బాకాలకి, కార్నెట్లకి పోయాయి.

"అక్కా, వీడెవడో ఊపిరి తీసుకోవడం మర్చిపోయి రాశాడు," అన్నాడు తమ్ముడు అది చూసి. కానీ కళ్ళు మాత్రం అప్పుడే చుక్కల వెంట పరిగెడుతున్నాయి.

ఇద్దరూ కూర్చుని పెన్సిలుతో గుర్తులు పెట్టారు. ఇక్కడ ఒక చుక్క మింగెయ్, ఊపిరి తీసుకో. ఇక్కడ కిందిస్వరం ఊదే పెద్ద గొట్టాలు ఎలాగూ అదే ఊదుతున్నాయి, ఎవరికీ తెలీదు, తీసుకో. మొదటిరోజు సగానికే మొహం ఎర్రబడి సోఫాలో పడ్డాడు. మరదలు మంచినీళ్ళు తెచ్చి, "వదినా, మనిషిని ఆసుపత్రి నుంచి తెచ్చుకుంది ఇందుకేనా?" అంది. డాక్టర్ని అడిగితే, ఊదడానికి భయమేం లేదు, కళ్ళు తిరిగితే ఆపమన్నాడట. మూడోరోజుకి చివరిదాకా వెళ్ళాడు.

శుక్రవారం నీళ్ళాఫీసు వెనక గదిలో అక్క కాగితాలు పంచింది. పాత మీటర్లు పేర్చిన బీరువాల మధ్య పదకొండు కుర్చీలు. గుమ్మం దగ్గర పన్నెండోది, అందులో పంపుహౌసాయన, ఎవరి మొహమూ చూడలేక కిటికీలోంచి చూస్తూ.

మేస్త్రి బొజ్జ బాకా కాగితం చూసి అదిరిపోయాడు. "అక్కా, ఒంట్లో బాగున్నవాడికే ఇది యమగండం. తేలికది ఇస్తేనే తప్పుతున్నాడంటే..."

"తేలికది ఇచ్చాను కాబట్టే తప్పాడు."

"అదేం మాటక్కా? అర్థమయ్యేలా చెప్పండి."

ఎవరికీ చెప్పొద్దని తమ్ముడు అక్క చేత ఒట్టు వేయించుకున్నాడు. చెప్పకపోతే మేస్త్రి ఒప్పుకోడు. చెప్తే ఒట్టు పోతుంది. ఏం చెయ్యాలో తెలీక చేతిలో కాగితాల కట్ట తిప్పి తిప్పి సర్దుతోంది.

అప్పుడు తమ్ముడే లేచి నిలబడ్డాడు.

"లెక్కపెట్టలేకపోతున్నాను," అన్నాడు. "జబ్బు చేసినప్పట్నుంచి. ఖాళీ గడులొస్తే ఎక్కడున్నానో తెలీదు. ఊదుతూ ఉంటే తప్పను. అంతే సంగతి. ఇష్టమైతే ఒకసారి వినండి, లేదా ఈయన్ని ఇటు రమ్మనండి."

వెనకనుంచి డ్రమ్ము కొట్టే లావుపాటాయన గొంతు సవరించుకున్నాడు.

"నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు," అన్నాడు. "పద్ధెనిమిదేళ్ళుగా నీ బాకా ఎత్తడం చూసి కర్ర ఎత్తుతున్నా. ఈ మూడువారాలూ నేనెందుకు తప్పుతున్నానో ఇప్పటికి తెలిసింది."

మేస్త్రి అతని వైపు తిరిగి, "నువ్వూనా!" అన్నాడు. ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ. తమ్ముడు నవ్వలేదు గానీ కూర్చున్నాడు, బాకా ఒళ్ళోకి లాక్కున్నాడు.

మొదలెట్టారు. అక్క బీరువాకి ఆనుకుని నిలబడి, అతని భుజాలు చూస్తోంది. మొదటి పేజీ సాఫీగా పోయింది. రెండో పేజీ మధ్యలో ఒకచోట గుర్తు పెట్టిన చుక్క మింగడం మర్చిపోయి, ఊపిరి చాలక రెండు చుక్కలు గాలికి వదిలేశాడు. డ్రమ్మాయన మాత్రం కళ్ళు అతని మీద నుంచి తియ్యలేదు. ఇద్దరూ కలిసి మళ్ళీ దారిలో పడ్డారు. కార్నెట్లు ఒకచోట తడబడ్డాయి, గొట్టాలు ఒకచోట వెనకబడ్డాయి. బొజ్జ బాకా ఎక్కడా ఆగలేదు. కిందిస్వరాల్లోనే ఉండి అందరినీ లాక్కుంటూ పోయింది. చివరి గడిలో పదకొండుమందీ ఒక్కసారే ఆగారు.

తమ్ముడు బాకా మీద వాలిపోయి రొప్పుతున్నాడు. మేస్త్రి జేబులోంచి కచేరీ జాబితా తీశాడు. బొజ్జ బాకా పక్కన రాసి ఉంచిన పంపుహౌసాయన పేరు కొట్టేసి, పాత పేరే మళ్ళీ రాశాడు. అప్పుడు గుమ్మం వైపు చూసి, "బాబూ, నువ్వు వెళ్ళిపోకు. మూడో కార్నెట్టుకి మనిషి లేడు," అన్నాడు. ఆయన కుర్చీ పట్టుకుని పరుగున వచ్చాడు, ఎంతో బరువు దిగినట్టు.

కార్నెట్లవాళ్ళు అప్పటికే కాగితాలు తిరగేసి సణుగుతున్నారు.

"అక్కా, ఇదెక్కడి న్యాయం? అన్నకి లేకుండా చేసి మాకు నలభై ఖాళీ గడులు పెట్టారు. నలభై ఎవడు లెక్కపెడతాడు?"

"ముగ్గురున్నారుగా," అంది అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "పంచుకోండి."